ధర్మానికి అని రాస్తే చాలదండీ

సంపాదకులు గారికి నమస్కారం.

మాది అమలాపురం. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా రేకుల షెడ్డులో ముప్పై ఆరేళ్లు దస్తావేజులు రాసి, కళ్లు మసకబారాక మానేశాను. క్రయ దస్తావేజులు, తనఖాలు, భాగపరిష్కారాలు ఎన్ని రాశానో లెక్క లేదు గానీ, వీలునామాల వివరాలు మాత్రం ఒక లాంగ్ నోటుబుక్కులో తేదీల వారీగా ఎక్కించి పెట్టుకునేవాణ్ని. మొన్న అటక దులుపుతుంటే అది దొరికింది. భోజనం మాట మరిచి చదువుతూ కూర్చున్నాను. వందల మంది తమ తర్వాత ఏది ఎవరికో నా చేత రాయించుకున్నారు. వాళ్లలో బడికనో, గుడికనో, ఆసుపత్రికనో ఎంతో కొంత విడిగా రాయించిన వాళ్లు ఇరవై మంది కూడా లేరు. ఆ కొద్దిమందివీ సగం రాసిన చోటికి చేరలేదు. చేరని వాటిలో ఒకటి నా తప్పు వల్లే చేరలేదు. ముందు అది చెప్పి, తర్వాత ఒక కోరిక కోరదామని ఈ ఉత్తరం.

1990ల చివర్లో ఒక లెక్కల మాస్టారు నా దగ్గరికి వచ్చారు. రిటైరై అయిదారేళ్లయింది. పిల్లలు లేరు, భార్య అంతకు ముందే పోయారు. ఊళ్లో ఎనిమిది కుంచాల కొబ్బరి తోట, పూర్తిగా స్వార్జితం. (మా వైపు కుంచం అంటే పది సెంట్లు, దింపు అంటే కొబ్బరికాయలు కోయించడం.) ఇల్లు తమ్ముడి కొడుక్కి, బ్యాంకులో డబ్బు చెల్లెలి కొడుక్కి రాయమన్నారు. తోట మాత్రం ఎవరికీ వద్దన్నారు. "దింపు డబ్బులతో ఏటా పదో తరగతి పిల్లలకి జామెట్రీ బాక్సులు కొనిపెట్టాలయ్యా. మన హైస్కూల్లో సగం మందికి వృత్తలేఖిని ఉండదు, పక్కవాడిది అడిగి గీస్తారు. పరీక్షలో పక్కవాడు ఇస్తాడా?" అన్నారు. నేను తల ఊపి, మా గురువు గారి చిత్తు పుస్తకంలో ఉన్న వాక్యాన్ని అలవాటు కొద్దీ దించేశాను: "సదరు తోటపై వచ్చు ఫలసాయమును ధర్మకార్యములకు వినియోగించవలయును." చదివి వినిపించాను. "బాగుందయ్యా, హుందాగా ఉంది" అని మాస్టారు సంతకం పెట్టారు. ఇద్దరు సాక్షులూ పెట్టారు. రిజిస్టరు చేయించాం. నా డబ్బులు నాకిచ్చి, టీ కూడా తాగించి సైకిలెక్కి వెళ్లిపోయారు.

ఎనిమిదేళ్ల తర్వాత ఆయన పోయారు. ఆ పని ఎవరు చేయాలో వీలునామాలో లేదు. తోట ఊళ్లోనే ఉన్న తమ్ముడి కొడుకు చేతిలో పడింది, దింపు మీద దింపు తీయించుకున్నాడు. చెల్లెలి కొడుకు కోర్టుకెక్కాడు. సాక్షుల్లో ఒకరు అప్పటికే పోయారు, రెండో ఆయన కర్ర పట్టుకుని వచ్చి వాంగ్మూలం ఇచ్చారు. రాసినవాణ్ని కాబట్టి నన్నూ పిలిచారు.

ప్లీడరు గారు అడిగారు: "ధర్మకార్యం అంటే ఏమిటండీ?"

"మంచి పనండీ."

"గుడికి సున్నం వేయిస్తే ధర్మకార్యమా?"

"అవునండీ."

"ఎండాకాలం చలివేంద్రం పెడితే?"

"అదీ అవునండీ."

"అప్పుల్లో ఉన్న మేనల్లుణ్ని ఆదుకుంటే?"

హాల్లో నవ్వులు. నేను జామెట్రీ బాక్సుల మాట ఎత్తబోయాను. కాగితం మీద లేని సంగతి ఇప్పుడెందుకు తెస్తున్నారని ఆయన అడ్డుపడ్డారు. నిజమే, కాగితం మీద లేదు. ఉండాల్సిన చోట ఉండకపోవడానికి కారణం బోనులో నిలబడి ఉంది.

కేసు తీర్పు దాకా పోలేదు. రాజీ పడ్డారు. చెరి నాలుగు కుంచాలు. ఇప్పుడు ఒక వైపు ఇళ్ల స్థలాలు అయ్యాయి, రెండో వైపు ఇంకా చెట్లున్నాయి. ఆ హైస్కూలుకి ఒక్క పెన్సిలు ముక్క కూడా పోలేదు. అప్పట్నుంచి ఏటా జూన్‌లో నా శక్తి కొద్దీ కొన్ని బాక్సులు కొని, మాస్టారు ఇచ్చారని చెప్పి ఇచ్చి వస్తున్నాను. ఎనిమిది కుంచాల తోట దిగుబడికీ దానికీ పోలికే లేదు లెండి.

ఆ రోజు కోర్టు బయట టీ కొట్టు దగ్గర అదే ప్లీడరు గారు నన్ను పక్కకి పిలిచి చెప్పారు. ఈ సంగతి 1899లోనే తేలిపోయిందట. బొంబాయి వైపు ఒకాయన తన ఆస్తిలో కొంత "ధరమ్"కి అని వీలునామా రాశాడు. రంఛోడ్‌దాస్, పార్వతీబాయి అనే వాళ్ల మధ్య కేసు అప్పట్లో మనకి ఆఖరి కోర్టయిన లండన్ ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లింది. ధర్మం అంటే చట్టమూ అవుతుంది, పుణ్యమూ అవుతుంది, నీతీ కర్తవ్యమూ అవుతుంది, ఇంత విశాలమైన మాటను కోర్టు ఎలా అమలు చేయిస్తుందని, ఆ భాగం చెల్లదని కొట్టేశారు. మన పురాణాల్లో ధర్మానికి ఎన్ని అర్థాలుంటే అంత అందం. రిజిస్ట్రార్ ఆఫీసులో మాత్రం ఒక్క అర్థమే ఉండాలి. వందేళ్ల కిందటే చెల్లదని తేలిన మాటను నేను హుందాగా ఉంటుందని రాస్తూ వచ్చాను, ఒక్క మాస్టారికే కాదు.

మరి ఎలా రాయాలి? ఆ వాక్యం మళ్లీ రాసే అవకాశమే ఉంటే ఊరు, మండలం, బడి పేరు రాసేవాణ్ని. పదో తరగతి పిల్లలకని, జామెట్రీ బాక్సులని, మిగిలితే లెక్కల పుస్తకాలని, జూన్ నెల అని రాసేవాణ్ని. ఆ బడి మూతపడినా వేరే బడిలో కలిపేసినా దగ్గర్లోని ప్రభుత్వ ఉన్నత పాఠశాలకని రాసేవాణ్ని. వీలునామాను అమలు చేసే ఎగ్జిక్యూటరుగా ఒక మనిషి పేరు, ఆయన లేకపోతే ఇంకొకరి పేరు. అయినా ఎగ్జిక్యూటరూ మనిషే, పోతాడు. ఏటేటా సాగాల్సిన పని అయితే తోటను ఒక ట్రస్టుకో, రిజిస్టరైన సంస్థకో దఖలు పరచాలి. ఇదంతా అరపేజీ. ఆ అరపేజీకి బద్ధకించాను.

వీలునామా రాయడానికి పెద్ద తతంగం ఏమీ లేదు. తెల్ల కాగితం చాలు, స్టాంపు డ్యూటీ లేదు, రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి కాదు (చేయించుకుంటేనే మంచిది). ఇద్దరు సాక్షులు కావాలి, వాళ్లు మనకంటే చిన్నవాళ్లయితే మేలు, మాస్టారి కేసులో చూశాం కదా. కావాలంటే సీలు వేసిన కవర్లో జిల్లా రిజిస్ట్రార్ దగ్గర దాచుకోవచ్చు కూడా. బతికి ఉండగా ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, చివరిదే చెల్లుతుంది. అందుకే వయసు మళ్లిన వాళ్లకి నేను దాన పత్రం కన్నా వీలునామాయే చెప్పేవాణ్ని. ఉన్న ఒక్క ఇల్లూ ఆవేశంలో దాన పత్రం రాసిచ్చేసి, తర్వాత ఆ ఇంటి అరుగు మీదే పరాయివాళ్లలా కూర్చున్న వాళ్లని చూశాను. హిందువులకి స్వార్జితమైతే ఎంతయినా రాయొచ్చు, పిత్రార్జితంలో తన వాటా వరకే. ముస్లింలకి వారసులు ఒప్పుకోకపోతే మూడో వంతు దాకానే.

క్రైస్తవుల సంగతి ఒకటి చెప్పాలి, అది నా కళ్ల ముందు మారింది. 1925 నాటి వారసత్వ చట్టంలో 118వ సెక్షను ఉండేది. అన్నదమ్ముల పిల్లలో, అక్కచెల్లెళ్ల పిల్లలో, అంతకన్నా దగ్గరవాళ్లో ఉన్న క్రైస్తవులు మత సంస్థకో ధర్మ సంస్థకో ఆస్తి రాస్తే, రాశాక కనీసం 12 నెలలు బతికి ఉండాలి, రాసిన ఆరు నెలల్లోపు దాన్ని చట్టం చెప్పిన చోట భద్రపరచాలి. లేకపోతే చెల్లదు. ఒక టీచరమ్మ తన పెంకుటిల్లు అనాథ పిల్లల హాస్టలుకి రాయించారు. తొమ్మిదో నెలలో పోయారు. ఇల్లు ఆవిడ చూడనైనా చూడని మేనల్లుడికి వెళ్లింది. కేరళలో ఒక ఫాదర్ వేసిన కేసులో 2003లో సుప్రీంకోర్టు ఆ సెక్షన్ సమానత్వానికి విరుద్ధమని కొట్టేసింది. ఆ వార్త పేపర్లో చదివిన రోజు టీచరమ్మే గుర్తొచ్చారు. ఇప్పటికీ ఆ పాత నిబంధన ఉందనుకుని వెనకాడేవాళ్లు మా వైపు ఉన్నారు. లేదండీ, పోయింది.

ఇంకో పొరపాటు అంకెల్లో చేస్తాం. పాత వీలునామాల్లో "వెయ్యిన్నూట పదహార్లు శాశ్వత నిధిగా ఉంచి, వడ్డీతో ఏటా ప్రథమ విద్యార్థికి బహుమతి" అని రాసేవాళ్లం. ఆ వడ్డీకి ఇవాళ ఏం వస్తుంది? రాయించినవాళ్ల పేరు పాలరాతి మీద శాశ్వతంగా ఉంది, బహుమతే లేదు. రూపాయలు రాయొద్దు, వాటా రాయండి. పదో వంతో, ఇరవయ్యో వంతో. ఆస్తితో పాటు అదీ పెరుగుతుంది. మందులకీ ఆసుపత్రులకీ ఖర్చయి ఆస్తి తరిగిపోతే అదీ తరుగుతుంది, పిల్లల నోటి దగ్గర కూడు లాగేసినట్టు ఉండదు.

కాకినాడ వెళ్లినప్పుడల్లా జగన్నాథపురం వైపు ఎం.ఎస్.ఎన్. ఛారిటీస్ బోర్డు చూస్తుంటాను. మల్లాడి సత్యలింగం నాయకర్ గారు రంగూన్ వెళ్లి సంపాదించిన సొమ్ము అది. వందేళ్లు దాటినా ఆయన పేరున పిల్లలు చదువుకుంటూనే ఉన్నారు. మద్రాసు పచ్చయ్యప్ప మొదలియార్ కథ ఇంకో రకం. 1794లో పోయే ముందు ధర్మానికని వీలునామా రాశారు. ఆ సొమ్ము చేతులు మారి, వ్యాజ్యాల్లో పడి, చివరికి కోర్టు ఒక పద్ధతి ఏర్పాటు చేసి, ఆయన పేరున బడి తెరిచేసరికి 1842 వచ్చింది. మొత్తం నలభై ఎనిమిదేళ్లు. అంత ఆస్తికి అంత కాలం పడితే, మా మాస్టారి ఎనిమిది కుంచాలు ఎవరికి కావాలి?

ఇక నా సంగతి. నాకు ఒక అబ్బాయి, ఒక అమ్మాయి. ఇల్లు మా ఆవిడ బతికినంత కాలం అనుభవించి, తర్వాత పిల్లలిద్దరికీ. కొద్దిపాటి పొలం, డిపాజిట్లు ఉన్నాయి, వాటిలో పదో వంతు బయటికి రాద్దామనుకున్నాను. మా ఆవిడ మొదటి మాట: "పిల్లలు లేనివాళ్లు రాస్తారు గానీ, ఉన్నవాళ్లు ఎవరైనా రాస్తారా?" హైదరాబాదులో ఉన్న అబ్బాయి ఫోన్లో కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "డబ్బు గురించి కాదు నాన్నా. ఊళ్లో ఏమనుకుంటారు? కొడుకు చూడలేదు, అందుకే బయటికి రాసేశాడంటారు." నాకు టెన్షన్ వచ్చింది, ఎందుకంటే ఊళ్లో అలా అనుకుంటారన్నది నిజం. మన దగ్గర వీలునామాలో ధర్మం అంటే పిల్లల మీద ఫిర్యాదు అనే చదువుతారు. నేనూ అలాగే చదివేవాణ్ని, ఎవరైనా అలా రాయిస్తుంటే "ఇంట్లో ఏదో జరిగింది" అనుకునేవాణ్ని. చివరికి వీలునామాలోనే ఒక వాక్యం రాశాను: "నా పిల్లలు నన్ను ప్రేమగా చూసుకుంటున్నారు. వారితో చెప్పి, వారికి తెలిసియే ఈ వాటా వ్రాయుచున్నాను." అబ్బాయికి వాట్సాప్‌లో ఫోటో పంపాను. "ఇది బాగుంది" అన్నాడు.

అమ్మాయి డాలస్‌లో ఉంటుంది, అక్కడి పౌరురాలు. "నా వాటా కూడా నువ్వు రాసే చోటికే ఇచ్చేద్దాం, డబ్బు వచ్చాక నేనే పంపిస్తాను" అంది. అలా వద్దన్నాను. విదేశీ పౌరసత్వం ఉన్నవాళ్లు ఇస్తే, మన మూలాలున్న విదేశీ పౌరులకిచ్చే ఓసీఐ కార్డున్నా సరే, అది విదేశీ విరాళం లెక్కలోకి వస్తుంది. తీసుకునే సంస్థకి విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి ఉండాలి. నేను నేరుగా రాస్తే ఆ బాధ లేదు. అమ్మాయి చెప్పిన ఇంకో మాట నచ్చింది. అక్కడ తను చదివిన కాలేజీ వాళ్లు పాత విద్యార్థులకి కవరు పంపిస్తారట: మీ విల్లులో మమ్మల్నీ తలచుకోండి, తలచుకుంటే ఇలా రాయండి అని, రాయాల్సిన వాక్యం అక్షరం అక్షరం అచ్చువేసి. అక్కడ చచ్చాక ఎస్టేటు మీద పన్ను ఉంది, దానంగా పోయిన భాగానికి ఆ పన్ను పడదు, కాబట్టి పెద్ద ఆస్తిపరులకి అదో ఆకర్షణ. మన దగ్గర ఎస్టేట్ డ్యూటీ 1985లోనే ఎత్తేశారు. ఆదాయపు పన్నులో రాయితీ బతికుండగా ఇచ్చే విరాళానికే. అంటే ఇక్కడ రాసేవాడు పన్ను కోసం రాయడు. ఇష్టంతోనే రాస్తాడు. అలాంటివాడికి కనీసం ఎవరి పేరున రాయాలో చెప్పేవాళ్లన్నా ఉండాలి కదండీ.

నా కోరిక అదే. నేను మొదట ఒక పిల్లల హాస్టలుకి రాద్దామని వెళ్లాను. పేరు వద్దు లెండి, మంచివాళ్లే నడుపుతున్నారు. బోర్డు మీద ఒక పేరు, రసీదు పుస్తకం మీద ఇంకో పేరు, బ్యాంకు పాసు పుస్తకం మీద మూడోది. ఏది రిజిస్టరైన పేరు అని అడిగితే, "ఏదైనా ఒకటేనండీ, అందరికీ తెలుసు" అన్నారు. అందరికీ తెలియడం కోర్టులో పనికిరాదని నాకు తెలుసు. పోనీ డిపాజిట్‌కి సంస్థనే నామినీగా పెడదామని బ్యాంకుకి వెళ్తే, నామినీగా మనిషినే రాయాలి, సంస్థను రాయడానికి రూల్స్ ఒప్పుకోవన్నారు. పైగా నామినీ చాలామంది అనుకుంటున్నట్టు యజమాని కాడు. డబ్బు అందుకుని అసలు హక్కుదారులకి అప్పగించాల్సినవాడు. కాబట్టి అమ్మాయినీ అబ్బాయినీ నామినీలుగా ఉంచి, ఆ పదో వంతు సంగతి వీలునామాలోనే రాయాల్సి వచ్చింది.

తర్వాత నేను రోజూ పొద్దున్నే పేపర్లు చదువుకునే గ్రంథాలయానికి వెళ్లాను. కానిస్టేబులు పరీక్షలకీ గ్రూప్స్‌కీ చదివే కుర్రాళ్లతో కుర్చీలు నిండి ఉంటాయి. ఒకే పుస్తకం ముగ్గురు వంతులేసుకుంటారు. లైబ్రేరియన్ గారిని అడిగితే నవ్వి, "మా శాఖ పేరున రాస్తే కుదరదండీ, మేం జిల్లా గ్రంథాలయ సంస్థలో భాగం. సంస్థ పేరు రాసి, ఈ శాఖలో పోటీ పరీక్షల పుస్తకాలకని స్పష్టంగా పెట్టండి. జిల్లా మారింది, శాఖ చిరునామాలో పాత జిల్లా పేరు రాయకండి" అన్నారు. మా కోనసీమ 2022 ఏప్రిల్‌లో వేరే జిల్లా అయింది కదా, నేను అలవాటుగా తూర్పు గోదావరి అనే రాయబోయాను! ఒక చీటీ మీద పూర్తి పేరు రాసిచ్చారు. రెండు నిమిషాల పని.

ఆ రెండు నిమిషాల పనే ప్రతి బడీ, హాస్టలూ, ఆసుపత్రీ, వృద్ధాశ్రమమూ చేయాలని అడుగుతున్నాను. మీ రిజిస్టరైన పేరు, నంబరు, చిరునామా, ఏ హోదాలో ఉన్నవారికి అప్పగించాలి, వీలునామాలో రాయాల్సిన వాక్యం, ఇవన్నీ ఒక కాగితం మీద అచ్చువేసి నోటీసు బోర్డుకి అంటించండి. చందా పుస్తకాలు అచ్చు వేయించడం లేదూ? ప్రభుత్వ బడుల విషయంలో ఇది ఇంకా అవసరం. జిల్లా పరిషత్ హైస్కూలుకి ఇవ్వదలచినవాడు హెడ్మాస్టారి పేరున రాయాలా, పరిషత్తు పేరున రాయాలా అని నన్నెంతమంది అడిగారో. విద్యాశాఖ వాళ్లు రెండు లైన్లలో చెప్పేస్తే మాలాంటి లేఖరులు ఆ రెండు లైన్లనే దించుతారు. మేం దించడంలో దిట్టలం, ఆ సంగతి మాస్టారి వీలునామాయే చెబుతుంది.

తోటి లేఖరులకి ఒక మాట. మీ చిత్తు పుస్తకాల్లో "ధర్మకార్యములకు" అన్న వాక్యం ఇంకా ఉంటే ఈ రాత్రికే కొట్టేయండి. రాయించుకునే ఆయన్ని ఇంకో పది నిమిషాలు కూర్చోబెట్టి, ఎవరికి, దేనికి, ఎవరి చేత అని అడగండి. టీ మీరే తాగించండి.

నా పేరు అచ్చు వేయవద్దని మనవి. ఆ మాస్టారి బంధువులు ఇద్దరూ ఇప్పటికీ నాకు బజార్లో కనిపిస్తారు, ఇద్దరూ నమస్కారం పెడతారు.

ఇట్లు,
రిటైరైన ఒక దస్తావేజు లేఖరి,
అమలాపురం